సొంత నుయ్యి

జ్ఞానాపురంలో మా సందుకంతకీ ఒకటే నుయ్యి,
అది మా పెరట్లో ఉంది.
నీళ్ళు కాస్త ఉప్పన.
చుట్టాలు ఒక్క గుక్క తాగి
గ్లాసు మర్యాదగా కింద పెట్టేస్తారు.
కందిపప్పు ఎంతకీ ఉడకదు.

మా పెళ్ళిలో అయ్యగారు వాక్యం చెబుతూ
ఎవరి బావి నీళ్ళు వాళ్ళే తాగాలన్నారు.
ముందు వరసలో మా బావమరిది దిబ్బయ్య
నవ్వాపుకోలేక దగ్గాడు,
ఆ ముందురోజే తాగాడు మరి.
నాకు అప్పటికి ఇరవై ఆరు.
రేవులో ఎర్రబోర్డు లాంటి మాట అనుకున్నాను:
ఈ గీత దాటరాదు.
గీతకి ఇవతల ఏముంటుందో
ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫిషింగ్ హార్బర్లో మరబోట్ల ఇంజన్లు విప్పడం నా పని.
వేలికి ఉంగరం ఉంటే బెల్టు లాగేస్తుంది,
పైడిరాజు వేలు అలాగే పోయింది.
అందుకే రోజూ పొద్దున్న తీసి
చొక్కా జేబులో పిన్నీసుకి తగిలిస్తాను.
సాయంత్రం కిరసనాయిలుతో చేతులు కడిగి
మళ్ళీ తొడుక్కుంటాను.

ఒక సాయంత్రం తొడుక్కోలేదు.

ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఆమె,
పేరు చెప్పను, ఆమెకీ ఒక ఇల్లుంది,
మూణ్ణెల్లుగా నా మాటలకి నవ్వేది.
ఇంట్లో నా మాటలేమో
గ్యాసు, ఫీజులు, కుళాయి ఎప్పుడొస్తుంది.
బీచిరోడ్డులో దీపాలు వెలిగే వేళకి
రమ్మంది.
కాదు, అబద్ధం.
రమ్మన్నది నేనే.

బండి పాత పోస్టాఫీసు దాకా పోయింది.
అక్కడ ఆపి అగ్గిపెట్టె కోసం జేబు తడిమితే
పిన్నీసు వేలికి దిగింది.
అంతే. దర్శనాలేం కాలేదు,
ఆకాశంలోంచి నన్నెవరూ పేరుపెట్టి పిలవలేదు.
చిన్న రక్తపు బొట్టు, చుట్టూ గ్రీజు.
డాల్ఫిన్ నోస్ మీది లైటు
తిరిగి తిరిగి నా మీంచి పోతూ ఉంది,
నన్ను వెతుకుతున్నట్టేం కాదు,
దాని పని అది చేసుకుంటూ.
ఫోన్ చేసి రాలేనన్నాను.
"మంచిది" అంది.
ఆ గొంతులో నిష్ఠూరం లేదు,
నాకంటే ముందే ఇంటికి చేరిపోయినట్టుంది.

నేనొచ్చేసరికి దోర్కా నూతి గట్టు మీద ఉంది.
నా వేలి మీద ఖాళీ గాడి చూసింది.
చూసి,
"బకిట్టు నూతిలో పడిపోనాది, పాతాళగరిగె తే" అంది.

తాడు నేను దింపాను. ఫోన్ లైటు ఆమె పట్టుకుంది,
అదే ఫోను.
నీళ్ళలోకి వంగి, మొహం చూడక్కర్లేకుండా,
అంతా చెప్పేశాను.
నా మాటలు నాకే కిందనుంచి తిరిగొచ్చాయి,
ఎవడో తెలీని మనిషి ఒప్పుకుంటున్నట్టు.

లైటు కదల్లేదు.
చాలాసేపటికి అంది:
"మా అమ్మ పోయినప్పుడు నెల్లాళ్ళు
ఈ నుయ్యి తోడినోళ్ళు నేరు.
పాసట్టి కంపు కొట్టీసింది, గేపకముందా?
ఎవులూ ఇసం కలప్నేదు.
నాను రోజూ తోడతన్నాను.
నువ్వు తోడి ఎన్నాళ్ళయినాది?"

కొక్కేనికి ఏదో తగిలింది.
లాగితే బకిట్టు కాదు,
ఏ కాలందో ఒక సత్తు చెంబు.

పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు.
అన్నం పెట్టింది, పక్కకి తిరిగి పడుకుంది.
పన్నెండో రోజు "ఉప్పు సరిపోయిందా" అంది.
క్షమించిందో లేదో ఇప్పటికీ అడగలేదు నేను.

ఇప్పుడు నాలుగింటికే లేస్తాను.
రైలు యార్డులో పెట్టెలు గుద్దుకునే చప్పుడు వింటూ
ఇరవై బకిట్లు తోడతాను, చేతులు పీకుతాయి.
అడుగున ఎక్కడో రాతి సందులోంచి
ఊట వచ్చే చప్పుడు, ముందెన్నడూ వినలేదు.
అయ్యగారు చెప్పింది గీత గురించి కాదేమో,
దాహం గురించేమో.

మొన్న ఆదివారం దిబ్బయ్య వచ్చాడు,
గ్లాసు ఎత్తి ఒక గుక్క పోసుకుని
అలవాటుగా కింద పెట్టాడు.
మిగిలిన నీళ్ళు దోర్కా సగం తాగి
నా వైపు జరిపింది.
ఉప్పగానే ఉన్నాయి.